హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గ్రంథాలు

క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ (1909–1995) ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త, సాహస యాత్రికుడు. హైదరాబాద్ సంస్థానంలోని ఆదివాసుల మీద, అందులోనూ ఆదిలాబాద్ రాజగోండుల మీద ఆయన రాసిన పుస్తకాలు ఉత్తర తెలంగాణ చరిత్ర రాయబూనేవారు ఇప్పటికీ తిరగేయక తప్పనివి.

ఆదిలాబాద్ గురించి రాసిన తొలి యాత్రికుడు ఆయన కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి పోతూ నిర్మల్ మీదుగా నాగపూర్ దారి పట్టాడు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. కానీ వీరాస్వామయ్య చూసింది బాట వెంబడి మజిలీలను. బాట దిగి అడవిలోకి పోతే ఏముందో పుస్తకానికెక్కడానికి మరో వందేళ్లకు పైగా పట్టింది.

హైమన్‌డార్ఫ్ వియన్నాలో చదువుకున్నాడు. 1936–37లో నాగా కొండల్లో తిరిగి 'ది నేకెడ్ నాగాస్' రాశాడు. అది యాత్రాకథనంలా సాగిపోయే పుస్తకం. 1939లో భార్య ఎలిజబెత్‌తో మళ్లీ భారతదేశానికి వచ్చేసరికి యుద్ధం ముంచుకొచ్చింది. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో కలిసిపోయింది కనుక బ్రిటిష్‌వారి లెక్కలో ఆయన శత్రుదేశస్థుడు. నిజాం రాజ్యం ఎల్లలు దాటి పోరాదన్నారు. మనసేమో నాగా కొండల మీద, మకామేమో హైదరాబాద్‌లో. ఆ కట్టడే లేకపోతే ఆదిలాబాద్ గ్రంథాలు పుట్టేవి కావేమో.

మొదట నల్లమల చెంచుల దగ్గరికి, ఆపైన గోదావరి లోయలోని కొండరెడ్ల దగ్గరికి వెళ్లాడు. ఇంతలో 1940లో ఆదిలాబాద్‌లోని జోడేఘాట్ కొండల్లో, నిజాం మీద తిరగబడ్డ గోండుల నాయకుడు కుమురం భీం నిజాం బలగాల కాల్పుల్లో చనిపోయాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం సర్కారుకు ఏర్పడింది, ఆ పని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. అటవీశాఖ గీసిన హద్దులు పోడు భూములను, ఊళ్లను కూడా మింగేశాయి. బయటినుంచి వచ్చినవారు పట్టాలు చేయించుకున్నారు, తరతరాలుగా దున్నుతున్నవారు కౌలుదార్లయ్యారు. ఈ సంగతులన్నీ ఆయన నివేదికల్లోకి ఎక్కాయి. 1945లో 'ట్రైబల్ హైదరాబాద్' పేరుతో అవి నాలుగు నివేదికల సంపుటిగా వచ్చాయి. పండితుల కోసం కాక అధికారుల కోసం రాసిన పుస్తకమిది. గోండు పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పేలా 1943లో మార్లవాయిలో మొదలైన ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం వెనుక ఉన్నదీ ఆయన ఆలోచనే.

'హైదరాబాద్ ఆదిమ తెగలు' అనే వరుసలో చెంచుల పుస్తకం 1943లో, కొండరెడ్ల పుస్తకం 1945లో వచ్చాయి. మూడోదైన 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' 1948లో వెలువడింది. నిజాం పాలన ముగిసిన సంవత్సరం కూడా అదే. మూడింటిలోకీ బరువైనది ఇదే, అందమైనదీ ఇదే. గోండుల పురాణం పుస్తకాల్లో లేదు, వారి కథాగాయకులైన ప్రధానుల గొంతులో ఉంది. ప్రధాన్ కిక్రీ అనే తీగవాద్యం భుజానికి ఆనించుకుని, కమాను లాగుతూ, గోండుల పురాణ నాయకుడు పహండీ కుపార్ లింగాల్ కథ ఎత్తుకుంటే చుట్టూ కూర్చున్నవాళ్లకు అదే వేదం, అదే వంశ చరిత్ర. ఆ గానాలను పట్టుకుని హైమన్‌డార్ఫ్ నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగల (గోత్ర సమూహాల) పుట్టుకను, గోత్రదేవత పెర్సాపేన్ కొలుపును, దీపావళి నాటి దండారీ నృత్యాలను వివరంగా రాశాడు. నెమలి ఈకల కిరీటాలతో, ఒంటినిండా బూడిదతో ఆడే గుస్సాడీలను ఫొటో తీసి ఊరుకోలేదు. ఆ ఆట వెనుకున్న కథనూ కాగితం మీద పెట్టాడు. ఆ కథలు పాడే ప్రధానులు తగ్గిపోతున్న ఈ రోజుల్లో ఈ పుస్తకం విలువ ఇంకా పెరిగింది.

యుద్ధకాలంలోనే, 1944లో ఆయనను ఈశాన్య సరిహద్దులోని సుబన్‌సిరి ప్రాంతానికి ప్రత్యేకాధికారిగా పంపారు. 1951 నుంచి లండన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు, నేపాల్ షెర్పాల మీద రాశాడు. అదంతా వేరే కథ.

1970లలో తిరిగి ఆదిలాబాద్‌కు వచ్చి చూస్తే, తన కళ్ల ముందు పట్టాలు అందుకున్న గోండు కుటుంబాల భూములు మళ్లీ చేతులు మారుతున్నాయి. ఆ బాధలోంచి రెండు పుస్తకాలు వచ్చాయి. గోండుల సంఘ వ్యవస్థను విప్పిచెప్పే 'ది గోండ్స్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' 1979లో, 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా' 1982లో. మొదటిదాని మీద ఎలిజబెత్ పేరు కూడా ఉంది, ఉండాల్సిందే. ఊరూరా ఆయనతో నడిచి సమాచారం సేకరించినది ఆమె. రెండోది తెలుగులో 'మనుగడ కోసం పోరాటం'గా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ద్వారా వచ్చింది. ఒక్క పుస్తకమే చదవగలిగినవారు దాన్నే చదవాలి.

ఈ రచనలకు ఒక పరిమితి ఉంది. ఆయన సర్కారుకు సలహాదారు. గోండుల కష్టానికి మందు మంచి చట్టంలో, మంచి అధికారిలో వెతికాడు, తిరుగుబాటులో కాదు. ఐనా ఆ కష్టాన్ని దాచలేదు.

ఎలిజబెత్ 1987 జనవరి 11న మరణించింది. ఆమె సమాధి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలం మార్లవాయిలో ఉంది. 1995లో లండన్‌లో కన్నుమూసిన హైమన్‌డార్ఫ్ అస్థికలను 2012లో తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న గోండులు అక్కడ చేరి ఇద్దరికీ నివాళులర్పిస్తారు.