మన బెల్లం డబ్బాలోని చరిత్ర

పరిశ్రమ అనగానే మనకు పొగగొట్టాలూ, సైరన్లూ గుర్తొస్తాయి. వంటింట్లో బెల్లం డబ్బా మూత తీసి చూడండి. పుట్టి, పెరిగి, వయసు మళ్ళిన పరిశ్రమ ఒకటి అందులోనూ ఉంది. దాని ఊరు అనకాపల్లి.

చెరకు గెడ నరికాక ఆగదండీ. వెంటనే గానుగ ఆడకపోతే తీపి తగ్గిపోతుంది. అందుకే శారదా నది పక్క పల్లెల్లో పొలం దగ్గరే గానుగ, పెద్ద పెనం, ఎండిన పిప్పితో మంట. టన్ను చెరకు ఆడితే చేతికొచ్చే బెల్లం సుమారు 100 కిలోలే. కానీ ఆ దిమ్మ నెలల తరబడి నిలవుంటుంది, ఎంత దూరమైనా పోతుంది. 1890లలో తూర్పు తీరాన రైలు వచ్చాక ఒడిశా, బెంగాల్ దారి సులువైంది. 1913లో ఇక్కడ చెరకు పరిశోధన కేంద్రం పెట్టారు. 87ఏ298 అనే చెరకు రకం పేరులో ఆ ‘ఏ’ అనకాపల్లిదే! వేలంపాటలు, దిమ్మలు మోసే కళాసీలు, గోతాలు, బళ్ళు... దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటిగా ఊరు పేరు మోగింది.

ఇంతలో పంచదార వచ్చింది. లక్కబొమ్మల ఏటికొప్పాక మనకు తెలుసు కదా, అక్కడ 1933లోనే సహకార చక్కెర ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. కాఫీ, టీలలోంచి బెల్లం తప్పుకుని పండగ పిండివంటలకు పరిమితమైంది. పైగా దిమ్మ పచ్చగా మెరిస్తేనే మనం కొంటాం! ఆ మెరుపు కోసం పెనంలో హైడ్రోస్ అనే మందు వెయ్యడం మొదలైంది. కొన్నాళ్ళు పోతే ఆ బెల్లం మళ్ళీ నల్లబడుతుంది. ఈ విషయంలో నన్నడిగితే తప్పు రైతు ఒక్కడిదే కాదు.

గానుగ దగ్గర పొగలో పని కష్టం. కుర్రవాళ్ళు ఉక్కు ఫ్యాక్టరీకీ, అచ్యుతాపురం కంపెనీలకీ వెళ్ళారు. కూలి పెరిగింది, చెరకు సాగు తగ్గింది. చెరకు తగ్గితే పంచదారకు మాత్రం దిక్కెక్కడ? తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీ కూడా మూతపడింది.

2022లో అనకాపల్లి జిల్లా కేంద్రమైంది. ఇప్పుడు కొందరు మందు వెయ్యకుండా, బెండ మొక్క జిగురుతో మడ్డి తీసి బెల్లం వండుతున్నారు. పొడి చేసి పొట్లాలు కూడా కడుతున్నారు. రంగు ముదురుగా ఉంటుంది, ధర కాస్త ఎక్కువ. పాకం మామూలుగానే వస్తుంది, అరిసెలకు భయపడక్కర్లేదు.