ఒలింపిక్ షూటింగ్: కోటా గెలిస్తే బెర్త్ ఖాయమేనా?

ప్రపంచ ఛాంపియన్‌షిప్, ఆసియా అర్హత పోటీల్లాంటి చోట్ల ముందు వరుసలో నిలిచిన షూటర్‌కు ‘కోటా’ వస్తుంది. అయితే అది ఆ షూటర్ సొంతం కాదు, దేశానిది. పారిస్‌లో ఒక్కో వ్యక్తిగత ఈవెంట్‌కు దేశం నుంచి గరిష్ఠంగా ఇద్దరే. ఆ ఇద్దరెవరో దేశమే తేల్చుకుంటుంది.

మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ సంగతే చూడండి. 2024 జనవరిలో జకార్తాలో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో స్వర్ణంతో పాటు కోటా కూడా గెలిచింది. తర్వాత ఢిల్లీ, భోపాల్‌లో నాలుగు ట్రయల్స్ జరిగాయి. చివరికి పారిస్‌లో ఆమె బరిలో దిగింది 25 మీటర్ల పిస్టల్‌లో! 10 మీటర్లలో మను భాకర్, రిథమ్ సాంగ్వాన్ ఆడారు.

కోటా వార్త రాగానే ఇంట్లో మిఠాయిలు పంచేస్తాం. పలక్ గులియా అదే ఏడాది ఏప్రిల్‌లో రియోలో కోటా తెచ్చింది. పారిస్ జట్టులో మాత్రం ఆమె పేరు లేదు.