ఫ్రిజ్‌లో ఆహార నిల్వ

ఫ్రిజ్‌లో ఆహార నిల్వ అనగా వండిన, వండని ఆహార పదార్థాలను ఇంటిలోని శీతల యంత్రంలో (రెఫ్రిజిరేటర్, వాడుకలో ఫ్రిజ్) తక్కువ ఉష్ణోగ్రత వద్ద ఉంచి కొంతకాలం చెడిపోకుండా కాపాడుకొను పద్ధతి. చలి సూక్ష్మజీవులను చంపదు, వాటి పెరుగుదలను మందగింపజేస్తుంది. ఈ తేడా తెలియకపోవడం వల్లనే పొరబాట్లు ఎక్కువగా జరుగుతాయి.

నేపథ్యము

వనపర్తి జిల్లా (2016 వరకు మహబూబ్ నగర్ జిల్లా) పెద్దమందడి మండలం వంటి ప్రాంతాలలో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఫ్రిజ్ రాకముందు పాలు, పెరుగు ఉట్టిపై ఉండేవి. మంచినీరు రంజన్లలో చల్లబడేది. కూరగాయలను వరుగులుగా ఎండబెట్టేవారు. మిగిలిన అన్నంలో నీరో మజ్జిగో పోసి చద్దన్నం చేసేవారు. పులియునపుడు పుట్టే లాక్టిక్ ఆమ్లం కొన్ని హానికర సూక్ష్మజీవులను అడ్డుకుంటుంది. భారతదేశంలో గోద్రెజ్ సంస్థ 1958లో ఫ్రిజ్‌ల తయారీ ప్రారంభించింది.

ఉష్ణోగ్రత

5 నుండి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. కావున ఫ్రిజ్ లోపల 5 డిగ్రీల లోపు, ఫ్రీజరులో మైనస్ 18 డిగ్రీలు ఉండవలెను. లోపలి మీట (రెగ్యులేటర్) మీది అంకెలను చాలామంది డిగ్రీలుగా భావిస్తారు. అవి డిగ్రీలు కావు. సాధారణంగా అంకె పెరిగేకొద్దీ చలి పెరుగుతుంది. ఒక గ్లాసు నీటిలో ఉష్ణమాపకం ఉంచి, రాత్రంతా ఫ్రిజ్‌లో వదిలి ఉదయం చూచినచో అసలు సంగతి తెలియును. లిస్టీరియా అను బాక్టీరియా ఫ్రిజ్ చలిలో సైతం నెమ్మదిగా పెరుగుతుంది. గర్భిణీలకు ఇది ప్రమాదకరం.

వండిన ఆహారము

వండిన పదార్థాన్ని 2 గంటలలోపు, ఎండాకాలంలో (32 డిగ్రీలు దాటినపుడు) గంటలోపు ఫ్రిజ్‌లో చేర్చవలెను. అన్నం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి గిన్నెలోనే ఉండిపోతే అవి మొలకెత్తి, వాంతులు కలిగించే విషాన్ని విడుదల చేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. వాసన చూచి "బాగానే ఉంది" అనుట ఇక్కడ పనికిరాదు. పెళ్ళిలోనో పండుగనాడో మిగిలిన అన్నాన్ని పెద్ద గుండిగలో అలాగే ఉంచక, వెడల్పైన పళ్ళెములలో పలుచగా పరచి చల్లార్చి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, ఒక రోజులో తినివేయవలెను. కూరలు, పప్పు 3 రోజుల వరకు ఉంచవచ్చును. తినేముందు పొగలు వచ్చునంతగా వేడిచేయాలి.

అమరిక

పచ్చి మాంసము, చేపలను మూత ఉన్న గిన్నెలో అన్నింటికంటె క్రింది అరలో ఉంచాలి. వాటి నీరు పచ్చళ్ళు, పండ్లపై కారరాదు. ఒకటి రెండు రోజులలో వండనిచో ఫ్రీజరులో ఉంచవలెను. తలుపు అరలు తరచు వేడెక్కుతాయి గనుక పాలు లోపలి అరలోనే ఉండాలి. కిక్కిరిసిన ఫ్రిజ్‌లో చల్లని గాలి తిరుగదు.

ఉల్లిగడ్డలు, అరటిపండ్లు, తేనె ఫ్రిజ్‌లో పెట్టనవసరం లేదు. ఆలుగడ్డలోని పిండిపదార్థం చలికి చక్కెరగా మారుతుంది. తగినంత ఉప్పు, నూనె ఉన్న ఆవకాయకు జాడీయే చాలు. పాలమూరు ప్రాంతంలో విరివిగా పండే వేరుశనగకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ అను విషం ఏర్పడవచ్చును. దానిని చలి గాని, వేయించుట గాని పూర్తిగా తొలగించలేవు. అట్టి గింజలను పారవేయవలెను.

విద్యుత్తు పోయినపుడు

తలుపు తెరువకున్నచో ఫ్రిజ్ సుమారు 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజరు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనాన్ని నిలుపుతుంది. ఊరికి వెళ్ళువారు ఒక చిన్న గిన్నెలో నీరు గడ్డకట్టించి, దానిపై రూపాయి నాణెం ఉంచి ఫ్రీజరులో వదలవచ్చును. తిరిగి వచ్చునప్పటికి నాణెం అడుగున కనిపించినచో మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టినదని అర్థం. అప్పుడు అందులోని మాంసాన్ని వండరాదు.