పల్నాడులో కాలిబాట కథ

నడకను పల్నాడుకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధాన్ని తలచుకుంటూ కార్తీక అమావాస్య మొదలు ఐదు రోజులు కారంపూడిలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. రోజుకొక ఘట్టం. ఆ ఉత్సవాలకు ఆచారవంతులు వీరుల ఆయుధాలైన కొణతాలు ఎత్తుకుని పల్లెల నుంచి కాలినడకన వచ్చేవారు. శివరాత్రికి కోటప్పకొండకు ప్రభలు ఎడ్లబండ్ల మీద కదిలేవి. పిడుగురాళ్ల దగ్గరి గుత్తికొండ బిలానికీ జనం నడిచే వెళ్లేవారు. దారిలో ఊళ్లన్నీ ఆ ప్రయాణంలో భాగమే. ఆ బంధాన్ని తెంచింది కొత్త దారుల తీరు. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1967లో కుడికాలువకు నీళ్లొచ్చాయి, మెట్టచేలకు బతుకొచ్చింది. కానీ పర్యాటకం డ్యామ్ దగ్గర, నాగార్జునకొండ పడవ టిక్కెట్టు దగ్గర ఆగిపోయింది. తర్వాత అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారి నాలుగు వరసలైంది. వాహనాలకు దూరం తగ్గింది గాని, పిడుగురాళ్ల సున్నం లారీల పక్కన నడిచేవాడికి అడుగు పెట్టే చోటు తగ్గింది.

ఊళ్లను కలుపుతూ మళ్లీ కాలిబాటలు వేద్దామంటే, గతిలేక నడిచినవాళ్లు ఇప్పుడు బండి కొనుక్కున్నారు, వాళ్లను మళ్లీ నడవమనడం న్యాయమా అని అడగవచ్చు. ఆ ప్రశ్న సబబే. అయితే ఇక్కడ అడుగుతున్నది బండి మానమని కాదు, నడవదలచినవారికి దారి వదలమని. ఆమధ్య ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చింది. అంచు లేని రోడ్డు మీద ఆ సైకిలుకు తల్లిదండ్రుల భయమే బ్రేకు. ఎండలో ఎవరు నడుస్తారన్న మాటా నిజమే. కానీ పంచాంగం కాలాన్ని ముందే ఎంచింది: కార్తీకం నుంచి శివరాత్రి దాకా. అసలు చిక్కు వేరు. పత్తితీతలు, మిరపకాయ కోతలు సాగేదీ అప్పుడే. పొద్దున్నే కూలికి పోయే ఆడవాళ్ల మీద నడిచొచ్చే అతిథుల వంట అదనపు చాకిరీ కాకూడదు. కూలికి తగ్గని డబ్బు వాళ్ల చేతికే అందాలి.

చూడటానికి ఏముందన్న వాదన మాత్రం నిలవదు. గుంటూరు పక్కన ఉప్పలపాడులో ఊరి చెరువే గూడబాతులకు, ఎర్రకాళ్ల కొంగలకు నెలవు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పాదయాత్రగా చేరిన తెలంగాణలోని పోచంపల్లి, 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ గ్రామాల జాబితాకెక్కింది. అక్కడ చూపించింది ఊరి మగ్గాన్నే. పిడుగురాళ్లలో సున్నపు దుమ్ములో ఎవరు నడుస్తారంటారా? సున్నపు బట్టీల కూలీలు రోజూ నడుస్తూనే ఉన్నారు. చెట్ల నీడన వేసే మొదటి కాలిబాట బట్టీల నుంచి వాళ్ల ఇళ్లదాకా పడాలి. కారంపూడి దారి ఆ తర్వాత.