వేదింపా, వేధింపా?

తమిళనాడులోని కే.జీ.కండిగై వైపు ఎవరైనా తెలుగులో ‘కట్నం వేదింపులు’ అని రాస్తే నాకు కోపం రాదు. తమిళ బడిలో చదివినవాళ్లకు త, థ, ద, ధ నాలుగింటికీ ఒకటే అక్షరం. వత్తు ఎక్కణ్ణుంచి తేవాలి? నాలుగు అక్షరాలూ దిద్దిన తిరుపతి, హైదరాబాదు వాళ్లూ అదే రాస్తారు, అదీ చోద్యం. వేధించడం ‘వ్యధ్’ ధాతువు నుంచి వచ్చింది: గుచ్చడం, పొడవడం. చప్పుడును బట్టి దశరథుడు బాణం వేసిన శబ్దవేధి విద్యలో ఉన్నది ఇదే (దాన్నీ మనవాళ్లు ‘శబ్దభేది’ చేసేశారు). వత్తు తీసేస్తే మాట ‘విద్’ ధాతువు ఇంట్లో పడుతుంది. అక్కడ అర్థం తెలియడం. వేదం, విద్య, నివేదిక, దేవుడికి విన్నవించి పెట్టే నైవేద్యం అన్నీ ఆ ఇంటివే. వేదన కూడా అంతే: మొదట అనుభూతి, తర్వాత బాధ. వేధింపుతో కలగాపులగమైంది బహుశా ఇక్కడే. ఈ ఇంటి చుట్టాలు చాలా దూరం వెళ్లారు. స్లావు భాషలన్నిటికీ మూలమని పండితులు ఊహించిన భాషలో, ముందు నక్షత్రం గుర్తు పెట్టి రాసే ‘వేదేతి’ క్రియకు అర్థం తెలిసి ఉండడం. రష్యన్‌లో మంత్రగత్తె ‘వేద్మా’, అంటే తెలిసినది. పాత స్లావు అక్షరమాలలో మూడో అక్షరం పేరు ‘వేదే’, నాకు తెలుసు అని. సంస్కృతంలో ‘వేద’ అన్నా అచ్చం అదే. ఇంకా వెనక్కి వెళ్తే దొరికే అర్థం చూడడం. లాటిన్ దాన్నే నిలుపుకుంది. మన ఫోన్లలో తిరిగే వీడియో అక్కడిదే.