పెట్టె మూలన ఉన్న అంకె

గుంటూరు బ్రాడీపేటలో మధ్యాహ్నం. కంప్యూటర్ షాపు గాజు తలుపు తోసుకుని లోపలికి రాగానే మీకు తుమ్మొస్తుంది. కౌంటర్ ముందు నిలబడ్డ పెద్దాయన చొక్కాకు ఇంకా తేజ మిర్చి ఘాటు పోలేదు. మిర్చి యార్డులో సరుకు అమ్మి, కొడుకును వెంటబెట్టుకుని నేరుగా ఇటే వచ్చాడు.

అద్దం మీద రెండు పెట్టెలు. రెండింటి మీదా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ అనే ఉంది. బొమ్మ కూడా ఇంచుమించు ఒకటే. మీరూ వంగి చూడండి: మూలన ఒకదానికి 8 జీబీ, రెండోదానికి 16.

"పేరొకటే అయితే రేటు తేడా ఏంది?"

"అది కార్డు సొంత మెమరీ బాబాయ్. ఆటలో గోడలు, చెట్లు, మొహాల బొమ్మలన్నీ అందులోనే ఉండాలి. నిండిపోతే మిగతాది పీసీ ర్యామ్ నుంచి లాక్కోవాలి. ఆ దారి ఇరుకు. ఆట ఆగి ఆగి నడుస్తుంది."

వాలరెంట్ ఒక్కటే ఆడేవాడికి 8 చాలు. ఈ కుర్రాడి కళ్లు కొత్త పెద్ద ఆటల మీద ఉన్నాయి. ర్యామ్ రేపు మార్చుకోవచ్చు, ఎస్ఎస్‌డీ ఇంకోటి తగిలించుకోవచ్చు. కార్డులోని మెమరీ మాత్రం కొన్ననాడు ఎంతో చివరిదాకా అంతే. అందుకే డబ్బు ముందు అక్కడ పెట్టాలి. పెద్దాయన చెయ్యి 16 మీద పడుతుంది.

ర్యామ్ ధర వినగానే ఆ చెయ్యి ఆగుతుంది. "ఎవరు కొంటున్నార్రా ఇంత?"

ఏఐ డేటా సెంటర్లు. మెమరీ చిప్పులు అటే పోతున్నాయి. చిప్పులు చేసే మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారమే మానుకుంటానని 2025 డిసెంబరులో ప్రకటించింది. ఆయనకు అంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కూలిపోయి, క్వింటాలుకు కనీసం 11,781 రూపాయలని కేంద్రం ధర కట్టాల్సి వచ్చిన రోజులు చూసినవాడు.

"32 జీబీ ఇప్పుడొద్దు. దిగినాక చూద్దాం."

ర్యామ్ 16 జీబీ తీసుకుంటారు, ఎనిమిదేసి జీబీ స్టిక్కులు రెండు. ఒకటే 16 అయితే డేటాకు ఒక్క దారే. రెండైతే ప్రాసెసర్ రెండు చానళ్ల మీదా లాగుతుంది.

ఎస్ఎస్‌డీ దగ్గర వాదన తొందరగా తేలిపోతుంది. కుర్రాడు జెన్ 5 అంటాడు. సెకనుకు 7,000 ఎంబీ చదివే జెన్ 4తో పోలిస్తే ఆట తెరుచుకోవడంలో తేడా పట్టుకోవడం కష్టం, పైగా వేడెక్కుతుంది. రోహిణి కార్తెలో ఈ ఊరి గదుల్లో దానికి చల్లదనం ఎక్కణ్నుంచి తెస్తాడు? రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఒక్కటే 150 జీబీ అడుగుతుంది. 1 టీబీ జెన్ 4 ఖాయం.

బిగింపు మొదలవుతుంది. ర్యామ్‌కు నాలుగు స్లాట్లలో ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది. క్లిప్ టక్కుమంటుంది. తెర వెలిగాక మీరు ర్యామ్ వేగం చూస్తారు: 4800. పెట్టె మీదేమో 6000.

"అన్నా, బయోస్‌లో ఎక్స్‌పో ఆన్ చెయ్యలేదు," అంటాడు కుర్రాడు.

షాపతను రీస్టార్ట్ కొట్టి డిలీట్ మీట మీద వేలు పెడతాడు.