'వృత్తి లేదు': డచ్ అమ్మమ్మ జీవితం – పత్రాలు, జ్ఞాపకాలు

కుటుంబ చరిత్ర రచనలో పురుషుల జాడ దొరికినంత సులభంగా స్త్రీల జాడ దొరకదన్నది సాధారణాభిప్రాయం. నెదర్లాండ్స్ విషయంలో ఇది సగమే నిజం. నెపోలియన్ పాలనలో, 1811 నుంచి జనన, వివాహ, మరణాల పౌర నమోదు దేశమంతటా విస్తరించింది. ఈ పత్రాల్లో వివాహానంతరం కూడా స్త్రీ పుట్టింటి పేరుతోనే నమోదవుతుంది. వివాహ పత్రంలో వధూవరుల తల్లుల పేర్లూ ఉంటాయి. కనుక మనుమరాలు అమ్మమ్మ నుంచి ఆమె తల్లికి, అక్కడినుంచి పై తరానికి చేరగలదు. పెళ్లితో స్త్రీ ఇంటిపేరు మారే తెలుగు సమాజంలో ఈ జాడ తరచు ఒక తరానికే తెగిపోతుంది.

అయితే, పేరు నిలిచినచోట శ్రమ నిలవలేదు. వివాహ పత్రాల్లో వధువు పేరు పక్కన తరచు 'వృత్తి లేదు' అని కనిపిస్తుంది. పొలంలోనూ పాడిలోనూ దుకాణంలోనూ ఆమె చేసిన పని లెక్కకు రాలేదు. 1956 నాటి చట్ట సవరణ వరకు, భర్త అనుమతి లేకుండా ఒప్పందాలు చేసుకొనే అర్హత వివాహితకు సాధారణంగా లేదు. అందువల్ల ఆస్తి, వ్యాపార పత్రాల్లో చాలాచోట్ల భర్త సంతకమే మిగిలింది.

ఈ ఖాళీని పూరించేది మౌఖిక జ్ఞాపకం. జర్మన్ ఆక్రమణలోని 1944–45 'ఆకలి శీతకాలం'లో పశ్చిమ నగరాల్లో ఆహారం అడుగంటింది. ఎందరో స్త్రీలు ఇంట్లోని దుప్పట్లు, నగలు తీసుకొని సైకిళ్లపై పల్లెలకు వెళ్లి బంగాళాదుంపలు తెచ్చారు. తులిప్ గడ్డలు వండి పిల్లల కడుపు నింపారు. ఈ ప్రయాణాలు నమోదు పుస్తకాలకు ఎక్కలేదు, మనుమలకు చెప్పిన మాటల్లో మిగిలాయి.

జ్ఞాపకం తప్పిన తేదీని పత్రం సరిదిద్దుతుంది; పత్రం విడిచిన శ్రమను జ్ఞాపకం చూపుతుంది. కాబట్టి 'వృత్తి లేదు' అన్న మాటను అమ్మమ్మ జీవిత సత్యంగా కాక, ఆనాటి నమోదు వ్యవస్థ దృష్టికి సాక్ష్యంగా చదవాలి.